పెద్దమ్మ విమానం ఏ దారిన వెళ్ళింది

మా పెద్దమ్మ మక్కాకు వెళ్ళొచ్చిన సంగతి మా వీధిలో ఇప్పటికే నాలుగైదు రకాలుగా చెప్పుకుంటున్నారు. నేను ఆమెను భయపెట్టానని కొందరు, ధైర్యం చెప్పి పంపించానని కొందరు. గురజాల బస్టాండులో ఒకాయనైతే, విమానం పక్కనుంచే క్షిపణి దూసుకుపోయిందనీ, ఆమె కళ్ళు మూసుకుని దువా చేస్తే అది సముద్రంలో పడిందనీ నాకే చెప్పాడు, నేను ఆమె పక్కింటివాణ్ణని తెలియక. ఇవేవీ జరగలేదు. జరిగింది వీటన్నిటికంటే చిన్న సంగతి. చూసినవాళ్ళం కొద్దిమందిమే. అందులో చదవడం, రాయడం అలవాటున్నది నాకే. ఎక్కడో దేశాల మధ్య వచ్చిన యుద్ధం మా వీధిలో ఒక కుట్టుమిషనును ఎలా ఆపేసిందో ఏ పేపర్లోనూ రాదు. ఇంకో రెండేళ్ళు పోతే బస్టాండు ఆయన చెప్పిందే నిజమైపోతుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. వాళ్ళు ముస్లిములు, మేము కాదు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. మిరప కోతల కాలంలో అమ్మ నన్ను వాళ్ళ వరండాలో వదిలి చేలకు పోయేది. పెద్దమ్మ జాకెట్లు కుట్టేది. కొలతలకు పాత పేపర్లు కత్తిరించి పెట్టుకునేది. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి వార్తలన్నీ ఆ ముక్కల మీదివే. మంత్రిగారి ఉపన్యాసం మెడ దగ్గర తెగిపోయి ఉండేది. దొంగ దొరికాడా లేదా అన్నది చంక కోతలో పోయేది. “మిగతా సగం ఏది పెద్దమ్మా?” అని అడిగితే, “నాకేం తెలుసురా, ఆ సగం ఎవరి చేతిలో ఉందో!” అనేది. తర్వాత ఒకరోజు, “లైబ్రరీలో పేపరు చింపకుండా ఉంచుతారంట, పో,” అని నన్ను తరిమింది. అలా మొదలైంది నా చదువు. బడి చదువు ఎనిమిదితో ఆగిపోయింది కానీ ఇది ఆగలేదు.

ఊళ్ళో లైబ్రరీకి నేను వెళ్ళని ఆదివారం లేదు. డ్యూటీ దిగిన సాయంత్రాలు కూడా వెళ్తాను. పేపర్లు అయ్యాక పుస్తకాలు, పుస్తకాలు అయ్యాక అట్లాసు. ఎంత చిన్న దేశానికైనా రాజధాని ఏదో చెప్పమంటే చెప్పగలను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. మా ఆవిడ మాత్రం, “రాజధానులన్నీ తెలుసు, ఇంట్లో పప్పు డబ్బా ఏదో తెలవదు,” అంటుంది. అదీ నిజమే.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. దాచేపల్లి వైపు ఒక సున్నపురాయి క్వారీలో పని చేస్తాను. అక్కడ రాతికి లోతుగా రంధ్రాలు వేసి, మందు దట్టించి పేలుస్తారు. పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అంతకంటే ముందే క్వారీకి వచ్చే రెండు దారుల్లోనూ ఎర్రజెండాలు పట్టుకుని మనుషులు నిలబడాలి. ఒక దారిలో నేను నిలబడతాను. బస్సు వచ్చినా, ఆటో వచ్చినా, మేకలు వచ్చినా ఆపాలి. ఈ పనిలో పడే తిట్లు అన్నీ ఇన్నీ కావు. “ఏందన్నా, ఇంకా మోగలేదుగా, పోనీయ్!” అని బండివాళ్ళు హారన్ కొడతారు. “మా మామ ఎవరో తెలుసా?” అంటారు. వచ్చిన చిక్కేమిటంటే, ఒక్క బండిని వదిలితే చాలు, వెనకున్నవాళ్ళెవరూ ఇక నా ముఖం చూడరు. ముందు బండి వెనక చక్రాలే చూస్తారు. దాన్ని వదిలారు కాబట్టి దారి మంచిదే అనుకుని వరసగా వచ్చేస్తారు.

కొన్నేళ్ళ కింద ఒక మధ్యాహ్నం నల్లగా మబ్బు పట్టింది. పిడుగు పడితే దట్టించిన మందు తనంతట తనే పేలుతుందని భయపడి, అనుకున్నదానికంటే ముందే పేల్చేయాలని పైవాళ్ళు తొందరపడ్డారు. నేను నా దారిలో జెండాతో ఉన్నాను. కారంపూడి వైపు దారిలో నిలబడాల్సిన మనిషి ఇంకా నడుచుకుంటూ పోతున్నాడు. ఆ దారిన కోతల ఆడవాళ్ళతో ఒక ట్రాక్టరు వచ్చింది. అది పోయింది కదా అని వెనకే ఒక ఆటో వచ్చింది. గట్టు మీద నుంచి మా ఫోర్‌మన్ దుమ్ము చూశాడు. అది రాళ్ళు మోసే మా డంపరు లారీయే, వెనక్కి తిరిగిపోతోందని అనుకున్నాడు. పేల్చమని చెయ్యి ఊపాడు. రాళ్ళు ట్రాక్టరుకు అటూ ఇటూ పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆటోలో జాకెట్ల లైనింగు గుడ్డ కొనుక్కుని వస్తున్న పెద్దమ్మ ఉంది. ఇంటికొచ్చి గుడ్డ పొట్లం వరండాలో పడేసి కూర్చుంది. తర్వాత మా అమ్మతో, “ఆకాశం నుంచి రాళ్ళు పడ్డయ్యే. ముందు ట్రాక్టరు పోతంటే మాకెట్టా తెలిసిద్ది?” అంది.

ఇక అసలు సంగతి. పెద్దమ్మ కొడుకు లారీ మెకానిక్. నాకు తమ్ముడి వరస. తల్లిని ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, పంపాలని వాడికి ఎప్పటి నుంచో కోరిక. నరసరావుపేటలో ఒక ట్రావెల్స్ ఆయన ప్రతి ఏడూ కొంతమందిని కలిపి హైదరాబాదు నుంచి విమానంలో తీసుకెళ్తాడు. అందులో పెద్దమ్మ పేరు రాయించాడు. పెద్దమ్మ ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఆమె సంబరం చూడాలి. తనతోపాటు వచ్చే ఆడవాళ్ళందరికీ భుజానికి తగిలించుకునే గుడ్డ సంచులు కుట్టడం మొదలుపెట్టింది. పాస్‌పోర్టుకు లోపలొక జేబు, మందులకు ఒకటి, తస్బీకి, అంటే జపమాలకు, ఒకటి. ముఖాలు కూడా చూడని మనుషులకు జేబులు కుడుతూ, “ఈమె లావుగా ఉంటదంట, పట్టీ పొడుగు పెట్టాల,” అనుకునేది.

ఆ సంచులు సగంలో ఉండగా అక్కడ యుద్ధం మొదలైంది. మక్కా ఉన్న దేశంలో కాదు, కాస్త పైనున్న దేశాల మధ్య. కానీ టీవీలో చూపించే మ్యాపు చిన్నది, అందులో అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఎవరో పెద్దమ్మ కోడలి ఫోనుకు ఒక వీడియో పంపారు. పొలంలో కూలిన విమానం ముక్కలు. అది ఎప్పటిదో పాతది. పెద్దమ్మకు ఆ సంగతి తెలియదు.

ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి పిలిచింది.

“ఒరేయ్, ఇటు రా. ఒక మాట అడుగుతా, తిన్నగా చెప్పాల.”

వెళ్ళి వరండాలో కూర్చున్నాను. మిషను ఆగి ఉంది. సూది కింద సంచి పట్టీ అలాగే ఉంది.

“మామూలు జనం ఎక్కిన ఇమానాన్ని కూడా కొడతారా?”

“కొట్టిన సందర్భాలున్నాయి పెద్దమ్మా.”

“ఎక్కడ?”

నాకు తెలిసినవి చెప్పాను. చాలా ఏళ్ళ కింద గల్ఫ్ సముద్రం మీద ఒక అమెరికా యుద్ధనౌక, ప్రయాణికుల విమానాన్ని చూసి, తన మీదికొచ్చే యుద్ధవిమానమనుకుని పేల్చింది. తర్వాత ఉక్రెయిన్ తూర్పు వైపు పొలాల మీద ఒకటి కూలింది. టెహ్రాన్‌లో ఒకటి, ఎగిరిన కాసేపటికే. వీడియోలోది ఆ పొలాలదని కూడా చెప్పాను.

“తెలిసి కొట్టారా, తెలవక కొట్టారా?”

“తెలియకే అంటారు. పొరపాటున.”

పెద్దమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “తెలిసి కొట్టేవాడైతే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోవచ్చురా. తెలవక కొట్టేవాణ్ణి ఏమని బతిమాలతాం?”

మర్నాడు పొద్దున ఆమె కొడుకుతో, నేను పోను, నా సీటు ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పింది.

ఆ సాయంత్రం నేను లైబ్రరీలో ఉండగా తమ్ముడు వచ్చాడు. చేతులకు గ్రీజు ఉంది కాబట్టి లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి సైగ చేశాడు. బయటికి వెళ్ళాను.

“ఏందన్నా, మా అమ్మకు ఏం చెప్పావు?”

“అడిగింది. చెప్పాను.”

“ఇప్పుడు పోయి ఇంకోటి చెప్పు. అదంతా ఫేక్, ఫోన్లో తయారు చేసిందని చెప్పు. నువ్వు చెబితే నమ్మిద్ది. నేను చెబితే నీకేం తెలుసురా, నట్లు బిగించుకునేవాడివి అంటది.”

“అది ఫేక్ కాదురా.”

“నాకు తెలుసు కాదని! నీకు నిజం కావాలా, మా అమ్మ మక్కా కావాలా?”

గొంతు పెరిగేసరికి లోపల చదువుతున్నవాళ్ళు తలలెత్తారు. వాడు గొంతు తగ్గించాడు. “అన్నా, ఆమె మోకాళ్ళు ఈ ఏడు నడుస్తన్నయ్. వచ్చే ఏడు నడవ్వు. వచ్చే శుక్రవారం లోపల మాట చెప్పకపోతే ట్రావెల్స్ ఆయన ఈమె సీటు వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు. ఒక్క అబద్ధం అన్నా. పుణ్యానికేగా.”

వాడి బాధ నాకు తెలుసు. కానీ పెద్దమ్మ నన్ను అడిగింది నేను వాడిలా అబద్ధమాడననే. “అబద్ధం చెప్పను. శుక్రవారం దాకా టైముంది కదా, ఆ దారి మంచిదో కాదో నేనే కనుక్కుంటాను. మంచిది కాకపోతే అదీ చెబుతాను,” అన్నాను. వాడు నన్నూ లైబ్రరీనీ కలిపి ఒక మాట తిట్టి పోయాడు. ఇక్కడ రాసే మాట కాదు.

లోపలికొచ్చి లైబ్రేరియన్ మేడమ్‌తో సంగతి చెప్పాను. విమానాల మీద మా లైబ్రరీలో ఉన్నవి పిల్లల సైన్సు పుస్తకాలే. ఆమె వాటినే తీసి ఇచ్చి, పాత పేపర్ల గదికి తాళం కూడా ఇచ్చింది. ఇంగ్లీషులో ఉండేవి మాత్రం నా వల్ల కావు. అందుకు మా లైబ్రరీలోనే రోజూ గళ్ళనుడికట్టు నింపే రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారిని పట్టుకున్నాను.

“నీకు రాడార్లు ఎందుకయ్యా, మిరపకాయల రేటు చూసుకోక?” అన్నాడాయన.

“మా పెద్దమ్మ అడిగిందండీ.”

“మీ పెద్దమ్మకు ఎందుకు?”

చెప్పాను. గళ్ళనుడికట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ విమానాలు కూలాక విచారణ చేసినవాళ్ళు రాసిన రిపోర్టులు ఆయన ఫోన్లో దొరికాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పేవాడు. మధ్యలో, “ఈ ఇంగ్లీషు మాత్రం ఎవడు రాశాడో గానీ, నా దగ్గరైతే ఫెయిలయ్యేవాడు,” అనేవాడు.

వింటూ ఉంటే అవన్నీ నాకు తెలిసిన సంగతుల్లాగే ఉన్నాయి. ఉక్రెయిన్‌లో ఆకాశాన్ని కొంత ఎత్తు వరకే మూశారు. ఆ పైన తెరిచే ఉంచారు. క్షిపణి పైదాకా పోయింది. ఆ రోజు అదే దారిన వేరే కంపెనీల విమానాలు కూడా పోతున్నాయి, ఒకరిని చూసి ఒకరు. టెహ్రాన్‌లోనైతే, అక్కడి సైన్యంవాళ్ళే అంతకు ముందు కొన్ని గంటల కింద శత్రువు మీద క్షిపణులు వేసి, తిరిగి ఎప్పుడు పడతాయా అని చూస్తున్నారు. అయినా విమానాశ్రయం మూయలేదు. ముందు కొన్ని విమానాలు క్షేమంగా ఎగిరిపోయాయి. తర్వాత ఎగిరినదాన్ని క్షిపణి దగ్గరున్నవాళ్ళు శత్రువుది అనుకున్నారు. పైవాళ్ళను అడుగుదామంటే లైను కలవలేదు. ఆలోచించడానికి టైము లేదు.

“దుమ్ము చూసి డంపరనుకున్నారు మాస్టారూ,” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మా క్వారీ సంగతి చెప్పాను. కళ్ళజోడు కిందికి దించుకుని, “మరి ఆకాశంలో జెండా పట్టుకునే పని ఎవరిది?” అన్నాడు. అదే వెతికాం. ఏ దేశం మీది ఆకాశానికి ఆ దేశమే కాపలా. మూయాలంటే వాళ్ళే నోటీసు ఇవ్వాలి. వాళ్ళు ఇవ్వకపోయినా విమాన కంపెనీ తనంతట తను చుట్టూ తిరిగి పోవచ్చు. కొన్ని దేశాలు తమ కంపెనీలకు ఫలానా ఆకాశం వైపు పోవద్దని చెబుతాయి కూడా.

ఇదంతా పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. క్వారీ భాషలో చెప్పాను. ఆమె కందులు ఏరుతూ వింది.

“అంటే జెండా పట్టుకునేవాడే యుద్ధం చేస్తన్నాడన్నమాట. వాడికి జెండా ఎత్తటానికి తీరికుంటదా?”

“ఒక్కోసారి ఉండదు.”

“ఎత్తకపోతే?”

“డ్రైవరే తెలుసుకుని చుట్టూ పోవాలి.”

“అయితే డ్రైవర్ని అడగాల,” అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. “ఎందుకురా నవ్వుతావు? మాచర్ల బస్సు ఎక్కేటప్పుడు ఏం చేస్తాం? కారంపూడి మీంచి పోద్దా, వేరే దారిన పోద్దా అని అడిగే గదా కాలు పెడతాం. అడగకుండా ఎక్కేది ఎవరు? ఇంత దూరం పోయేదానికి అడగకూడదా?”

అప్పటికప్పుడు కోడలి చేత ట్రావెల్స్ ఆయనకు ఫోను చేయించి స్పీకరు పెట్టించింది.

“బాబూ, మన ఇమానం ఏ దారిన పోద్ది?”

“అమ్మా, హైదరాబాదులో ఎక్కితే మక్కా దగ్గర జెడ్డాలో దిగుతాం.”

“దిగేది తెలుసు నాయనా. మధ్యలో ఏ ఊళ్ళ మీంచి?”

“అది పైలట్ చూసుకుంటాడమ్మా.”

“పైలట్‌ని కనుక్కో మరి.”

“పైలట్ నాకు ఎక్కడ దొరుకుతాడమ్మా!”

“నీకే దొరక్కపోతే నాకు దొరుకుతాడా? ఇంతమందిని తీసుకపోతన్నావు, దారి తెలవకుండా ఎట్టా తీసుకపోతన్నావు?”

ఆయన పాపం మంచివాడు. కోపం తెచ్చుకోలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, పెద్దమ్మ అంతటితో ఆగలేదు. సంచుల కొలతల కోసం దగ్గర పెట్టుకున్న నంబర్లకు ఫోన్లు చేయించి, తోటి ఆడవాళ్ళందరికీ అదే ప్రశ్న అడగమని చెప్పింది. రెండు రోజుల్లో ఆయన ఫోను ఆగకుండా మోగింది. ఆయన కంపెనీవాళ్ళను పట్టుకుని కనుక్కుని మళ్ళీ చేశాడు. “ముంబయి వైపు దాటి సముద్రం మీదుగా పోయి, ఒమన్ మీదుగా, సౌదీ ఎడారి మీదుగా దిగుద్దంటమ్మా. యుద్ధం జరిగే దేశం మీదికి పోనే పోదంట. చాలామ్మా?”

పెద్దమ్మకు చాలలేదు. “చెప్పటానికేం, అందరూ చెబుతారు. కళ్ళతో చూడాల,” అంది.

చూడొచ్చని కోడలే కనిపెట్టింది. ఇప్పుడు ఏ విమానం ఎక్కడుందో మ్యాపు మీద చూపించే యాప్ ఒకటి ఉంది. పసుపుపచ్చ విమానం బొమ్మలు చీమల్లాగా కదులుతుంటాయి. ఆమె దాన్ని ఫోన్లో ఎక్కించింది. ఆ వరండాలో అందరం తలలు దగ్గర పెట్టి మొదటిసారి చూసిన క్షణం నేను మరిచిపోను. అట్లాసులో నాకు వేలితో తెలిసిన దేశాలవి. యుద్ధం జరుగుతున్న దేశం మీద ఒక్క బొమ్మ లేదు. దానికి పైనుంచీ కిందనుంచీ బొమ్మలు వంపు తిరిగి, ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

పెద్దమ్మ ఫోను దూరంగా పట్టుకుని చూసింది. “చంక కత్తిరించినట్టు ఎంత బాగా తీసుకున్నార్రా వంపు!” అంది.

అప్పటి నుంచి మధ్యాహ్నం టీ టైముకు హైదరాబాదు నుంచి జెడ్డా పోయే విమానాన్ని చూడటం ఆ వరండాలో పనయింది. నేను డ్యూటీలో ఉన్న రోజు మా ఆవిడ వెళ్ళేది. ఎదురింటి ఆడవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. “మన ఇమానం సముద్రంలో దిగిందా?” “దిగటం కాదే, మీంచి పోతంది.” “ఇవాళ కాస్త కిందికి పోయినట్టుందే.” “గాలికి అయ్యుంటది.” ఎవరూ అందులో లేని విమానం అది. మాకు మాత్రం చుట్టాల పెళ్ళికి పోయే బస్సులాగా అయిపోయింది. అయినా పెద్దమ్మ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. సంచుల పని మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది. నేను పోయినా పోకపోయినా వాళ్ళకు జేబులు కావాలిగా, అంది.

గురువారం వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. తమ్ముడు కూడా పని మానుకుని వచ్చి, ఇవాళ మాట తీసుకునే పోతానని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. విమానం సముద్రం మీద ఉంది. కోడలు టీ గ్లాసులు పెట్టి ఫోను చూసి, “అత్తా, ఇదేందో చూడు,” అంది.

బొమ్మ ముక్కు తిప్పింది. సముద్రం మధ్యలో ఒక గుండ్రం చుట్టి మన వైపు రావడం మొదలుపెట్టింది. దాని పక్కన పోతున్న ఇంకో రెండు కూడా వెనక్కి తిరిగాయి. తమ్ముడు ఇంట్లోకి పరుగెత్తి టీవీ పెట్టాడు. గల్ఫులో ఇంకో చోట క్షిపణులు పడ్డాయనీ, చుట్టుపక్కల దేశాలు కొద్దిసేపు ఆకాశం మూసేశాయనీ చెబుతున్నారు. ఎదురింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముడు బయటికొచ్చి మళ్ళీ స్తంభం దగ్గర కూలబడ్డాడు. “అయిపోయింది. ఇంక ఈమె జన్మలో ఎక్కదు,” అన్నాడు, తల్లికి వినపడేలాగే.

పెద్దమ్మ నన్ను చూసింది. “ఏమైందిరా, తిన్నగా చెప్పు.”

“ముందు దారిలో ప్రమాదం ఉందని ఆకాశం మూశారు పెద్దమ్మా. విమానాన్ని వెనక్కి పంపించారు.”

“ఎవరికైనా దెబ్బలు తగిలినయ్యా?”

“లేదు. మళ్ళీ హైదరాబాదులో దిగుతారు.”

“తిట్టుకుంటా దిగుతారు.”

“తిట్టుకుంటారు మరి. అంత దూరం పోయి వెనక్కి రావటమంటే.”

“తిట్టుకోనీ,” అంది పెద్దమ్మ. బొమ్మ నెమ్మదిగా మన ఒడ్డు వైపు వస్తుంటే దాని వెంట వేలు జరుపుతూ చూసింది. “ఆ రోజు ఆటోలో మేము ఎవర్నీ తిట్టుకోలా. ఆపితేగా తిట్టుకునేది. డ్రైవరు పాట పాడుకుంటా పోతన్నాడు.” ఆమె ఫోను కోడలికి ఇచ్చేసింది. “ఇక్కడ ఆపేవాడున్నాడు. ఒరేయ్ అబ్బాయ్, ఆ ట్రావెల్స్ ఆయనకు ఫోను చెయ్యి. వస్తన్నానని చెప్పు.”

తమ్ముడు తలెత్తాడు. “ఎక్కడికి?”

“సినిమాకు! మక్కాకురా.”

“అమ్మా, ఇమానం వెనక్కి వచ్చిందే! చూశావుగా!”

“చూశా గనకే పోతానంటన్నా.”

మేమందరం భయపడింది దేనికో, ఆమె ధైర్యం తెచ్చుకున్నది దానికే. నేను అన్ని రిపోర్టులు విని కూడా ఆ మాట నాకు తట్టలేదు. జెండా పట్టుకుని నిలబడేది నేనే అయినా, ఆగిన బండిలో కూర్చున్నవాళ్ళ వైపు నుంచి ఎన్నడూ ఆలోచించలేదు.

అయినా చెప్పాల్సింది చెప్పాలి కదా. “పెద్దమ్మా, ప్రతిసారీ ఆపుతారని నేను హామీ ఇవ్వలేను.”

“నిన్ను హామీ అడిగిందెవరు? దాచేపల్లి పోయి వచ్చేదానికి ఇస్తావా హామీ?” అంది. తర్వాత మిషను ముందు కూర్చుంటూ, “ఆ కూలిన ఇమానాల్లో జనం ఏ ఊళ్ళ వాళ్ళురా?” అని అడిగింది. మాస్టారి ఫోన్లో చదివినంత వరకు దేశాల పేర్లు చెప్పాను. నాలుగో పేరు దగ్గర ఆపమంది. “నాకు నోరు తిరగదు. అక్కడ వాళ్ళ కోసం దువా అడిగేటప్పుడు, వీడు చెప్పిన ఊళ్ళ వాళ్ళందరూ అంటాలే. అల్లాకు అట్లాసు అక్కర్లేదుగా.”

వాళ్ళ ప్రయాణం కొద్ది రోజులు వెనక్కి జరిగింది. పోరు కాస్త సద్దుమణిగాక కంపెనీవాళ్ళు ఇంకా దక్షిణం వైపు నుంచి, ఎక్కువ చుట్టు తిరిగే దారిలో పంపించారు. ఆ రోజు నేను లైబ్రరీలో మాస్టారి ఫోన్లో చూశాను. తమ్ముడు లారీ కింద పడుకుని నట్లు బిగిస్తూనే, “ఎక్కడుందన్నా?” అని అస్తమానం ఫోన్ చేశాడు. “సముద్రం మీద.” “ఇంకానా?” “సముద్రం పెద్దదిరా.” “తొందరగా పోనీయ్ అన్నా!” నేనేదో తొక్కుతున్నట్టు. ఒమన్ తీరం దాటి బొమ్మ ఎడారి మీదికి వచ్చినప్పుడు మాస్టారు బల్ల మీద చిన్నగా దరువు వేశాడు. లైబ్రేరియన్ మేడమ్ ఎప్పుడూ మమ్మల్ని మాట్లాడొద్దని కోప్పడుతుంది. ఆ రోజు తనే లేచి వచ్చి మా భుజాల మీంచి చూసింది.

సాయంత్రానికి కోడలి ఫోనుకు పెద్దమ్మ గొంతు వచ్చింది. “దిగాం. అందరం దిగాం. ఇమానంలో పెట్టిన కూరలో ఉప్పు లేదు, కారం అసలే లేదు. నా పక్కనామె సంచి పట్టీ పొట్టిదైంది, పిన్నీసు పెట్టా. ఒరేయ్ నాయనా, వంపు తిరిగేటప్పుడు నాకు తెలిసింది. కిటికీ పక్కకు ఎండ మారింది.” ఆ చివరి మాట నాకోసం. ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు దొరకని సంగతి అది.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేర్లు రాయొద్దని పెద్దమ్మ అంది, దిష్టి తగులుతుందట. అందుకని వరసలతోనే చెబుతున్నాను. పాత పేపర్ల గది తాళం నా చేతికి ఇచ్చిన లైబ్రేరియన్ మేడమ్‌కు. రిపోర్టులన్నీ ఓపిగ్గా చదివి చెప్పి, తన గళ్ళనుడికట్టును అన్ని రోజులు ఖాళీగా వదిలేసిన మాస్టారికి. ఫోను పట్టుకుని చెయ్యి నొప్పి పుట్టినా కింద పెట్టని పెద్దమ్మ కోడలికి. ఒక ముసలావిడ ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు వెతికి తెచ్చిన ట్రావెల్స్ ఆయనకు. నన్ను తిట్టి, తర్వాత ఖర్జూరాల పొట్లంతో వచ్చిన తమ్ముడికి. నేను లేని మధ్యాహ్నాలు విమానాన్ని చూసిపెట్టిన మా ఆవిడకు. ఆ గురువారం ప్రయాణికుల తిట్లకు వెనకాడకుండా విమానాన్ని వెనక్కి తిప్పించినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. ఏ దేశం వాళ్ళో, ఏ గదిలో కూర్చుని ఉంటారో. వాళ్ళకు తెలుగు రాదు. అయినా వాళ్ళకు కూడా.